శోకము, క్రోధము, న్యాయము

2025 ఆగస్టు 28వ తేదీ రాత్రి ఇండొనీషియా రాజధానియగు జకార్తా నగరమున ఒక యువకుడు మరణించెను. అతని వయస్సు 21 సంవత్సరములు. మోటారు సైకిలుపై భోజనపు పొట్లములను ఇండ్లకు చేర్చుచు, ప్రయాణికులను వెనుక కూర్చుండబెట్టుకొని వారి గమ్యస్థానములకు కొనిపోవుచు జీవించువాడు. ఆ వారమంతయు నగరము అట్టుడికినట్లుండెను. పార్లమెంటు సభ్యులకు ఇంటి నిమిత్తము నెలకు 5 కోట్ల రుపియాల భత్యము ముట్టుచున్నదను వార్త వెల్లడియై, ప్రజలు వీథులలోనికి వచ్చిరి. జకార్తాలో కార్మికునకు నిర్ణయింపబడిన కనీస నెలవేతనమునకు ఆ మొత్తము ఇంచుమించు పది రెట్లు. ఆనాటి రాత్రి పెజొంపొంగన్ అను ప్రాంతమున పోలీసులు గుంపులను చెదరగొట్టుచుండిరి. సాయుధదళమునకు చెందిన ఉక్కుకవచపు వాహన మొకటి జనుల నడుమకు దూసికొనివచ్చి, దారిలో పడిపోయిన ఆ యువకునిపై నుండి సాగిపోయెను. అక్కడనున్నవారు తమ ఫోనులలో తీసిన ఆ దృశ్యము తెల్లవారకముందే దేశమంతటను వ్యాపించెను.

మరునాడు శుక్రవారము. కరెట్ బివాక్ అను ఖననభూమికి అతని దేహమును కొనిపోవునపుడు వేలకొలది మోటారు సైకిళ్లు వెంట సాగినవి. వచ్చినవారిలో అతనిని ఎరిగినవారు కొందరే యుందురు. తక్కిన వారందరును అతని ముఖమైనను ఎన్నడును చూడనివారు. అయినను సొంత తమ్ముని సాగనంపువారివలె వచ్చిరి. వారి నోట వినవచ్చిన మాట ఒక్కటే: న్యాయము.

ఆ మాట ఎంత బరువైనదో, దానిని మోయువాడు ఎంత మెలకువతో నడువవలెనో విచారించుటకు ఆ తరువాత జరిగిన సంగతులే చాలును. కాని ముందుగా ఆ మోటారు సైకిలువారు ఎవరో తెలిసికొనుట మంచిది.

ఆ దేశములో అద్దెకు మనుష్యులను ఎక్కించుకొనిపోవు మోటారు సైకిలును ‘ఓజెక్’ అందురు. పూర్వము ఈ వృత్తివారు వీథుల మలుపులలో నిలిచి, బేరమాడి జనులను ఎక్కించుకొనెడివారు. 2015 ప్రాంతమునుండి ఫోను ద్వారా పిలిపించుకొను పద్ధతి విరివిగా వ్యాపించినది. అట్లు నడపువారిని ‘ఓజోల్’ అని సంక్షేపముగా పిలుచుచున్నారు. ఆకుపచ్చని అంగీ, ఆకుపచ్చని హెల్మెటు వారి గుర్తు. కంపెనీలు వారిని ఉద్యోగులని చెప్పవు, ‘మిత్ర’ అని వ్యవహరించును. అది సంస్కృతమునుండి ఆ భాషలోనికి వెడలిన మాటయే. అక్కడ దానికి భాగస్వామి యని అర్థము. ఉద్యోగికి సెలవులు, నెలజీతము, ఆపత్కాలమున ఆదరువు కల్పింపవలసియుండును. మిత్రునకు వానిలో దేనికిని పూచీ లేదు. ఇంత పవిత్రమైన మాటను ఇట్టి పనికి వాడుట కొంచెము చిత్రముగనే యున్నది. తమ సంపాదనలో కంపెనీలు పట్టుకొను భాగమునకు గల 20 శాతము పరిమితిని 10 శాతమునకు తగ్గింపవలెనని ఈ మిత్రులు 2025 మే 20వ తేదీన పెద్దయెత్తున వీథుల కెక్కియుండిరి.

ఎండకు ఎండి, వానకు తడిసి, పగలనక రాత్రియనక తిరుగు ఈ వృత్తిలో మనుష్యునకు మనుష్యుడే ఆధారము. ఏ మలుపులోనో బండి ఆపుకొని పిలుపుకొరకు ఎదురుచూచు గంటలలో పరిచయములు కలుగును. పరిచయములు కూటములగును. ఒకని బండి చెడిన మరియొకడు ఆగును, ఒకడు పడిపోయిన పదిమంది చేరుదురు. నియమావళి వ్రాసికొని ఏర్పరచుకొన్న బంధుత్వము కాదిది. కష్టము పంచిపెట్టిన బంధుత్వము. కనుకనే ఆ శుక్రవారమునాడు వేలమంది ఒక్క ఇంటివారివలె కదలిరి. ఆ అంగీలో ఆ రాత్రి తానే యుండవచ్చును గదా యని ప్రతివానికిని తోచియుండును. మనుష్యుని ‘నేను’ అను భావము సామాన్యముగా తన దేహమును దాటదు. దాటినను భార్యాబిడ్డల దగ్గర ఆగిపోవును. ఎన్నడును చూడనివాని మరణము తన మరణమువలె తోచుట, అది ఏ కారణముచేతనైనను సరే, చిన్న విషయము కాదు.

ఇచ్చట ఆధ్యాత్మిక గ్రంథములు చదువువారిలో కొందరికి ఒక శంక కలుగవచ్చును. పుట్టినవానికి మృత్యువు తప్పదు, ఎవని కర్మము వానిది. అట్టియెడ మృతునికొరకు విలపించి వీథుల కెక్కి న్యాయము న్యాయమని ఘోషించుట అవివేకము కాదా? దుఃఖమును శాంతముగా దిగమ్రింగుటయే జ్ఞానలక్షణము కాదా?

ఈ శంక పైకి గంభీరముగా కన్పట్టినను లోపల డొల్ల. కర్మసిద్ధాంతము మనుష్యుడు తన కష్టమును తాను ధైర్యముతో మోయుటకై చెప్పబడినది. పరుని కష్టమును చూచి తాను ఊరకుండుటకై చెప్పబడినది కాదు. నా కాలు విరిగిన ‘నా కర్మము’ అని నేననుకొనుట ఓర్పు. పొరుగువాని కాలు విరుగగొట్టబడినపుడు ‘వాని కర్మము’ అని అనుట కాఠిన్యము. మాట ఒక్కటే. చెప్పువాడు ఎవడు, ఎవని గూర్చి చెప్పుచున్నాడు అనుదానిని బట్టి అదే వాక్యము ధర్మమును కావచ్చు, అధర్మమును కావచ్చు. ఆ యువకుని తల్లి ‘దైవనిర్ణయము’ అనుకొని ఊరట చెందిన నమస్కరింపవలసిన విషయము. ఆ వాహనమును నడిపించినవారు అదే మాట అన్నచో సహింపరాదు. చనిపోయినవానిని తిరిగి తేలేము. వాని మరణము ఎట్లు జరిగెను, ఎవరి చేతిమీదుగా జరిగెను, ఎవరి ఆజ్ఞచే జరిగెను అని అడుగుట బ్రతికియున్నవారు వానికి చెల్లింపవలసిన ఋణము. రాజ్యము పక్షమున ఆయుధము ధరించినవాని చేతిలో ప్రాణము పోయినపుడు ఆ ఋణము మరింత బరువగును. రక్షించుటకే రాజునకు దండము ఈయబడినదని శాంతిపర్వము మరల మరల చెప్పుచున్నది. కావున వారు న్యాయము కోరుట తప్పు కాదు, కోరకుండుటయే తప్పగును.

ఇంతవరకు విచారణ సులభము. ఆ మరునాటి రాత్రి మకస్సార్ నగరములో జరిగినదానిని తలచుకొనిననే మనస్సు నిలువదు.

మకస్సార్ జకార్తాకు తూర్పున, సముద్రము దాటి, సులవేసి ద్వీపములో నున్నది. యువకుని మరణవార్త చేరినంతనే అచ్చటను ఆగ్రహజ్వాలలు లేచినవి. 29వ తేదీ రాత్రి ఆ నగరపు ప్రజాప్రతినిధుల సభాభవనము తగులబెట్టబడెను. లోపల చిక్కుకొని ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో భత్యము పొందిన పార్లమెంటు సభ్యుడొక్కడును లేడు, అందరును కొలువు చేసికొని బ్రతుకువారు. ఆ రాత్రియే అదే నగరములో ఒక విశ్వవిద్యాలయము ముందటి రహదారిపై ఒక మనుష్యుని జనులు చుట్టుముట్టిరి. ‘వీడు పోలీసుల వేగులవాడు’ అని ఎవరో అరచిరి. విచారించినవాడు లేడు, అడిగినవాడు లేడు. అందరు కలిసి కొట్టిరి. ఆసుపత్రికి చేర్చినను అతడు బ్రతుకలేదు. వయస్సు 26 సంవత్సరములు. తరువాత తెలిసినదేమనగా అతడు వేగులవాడు కాడు. అతడును ఓజోలే. అతడును మోటారు సైకిలు నడుపుకొని జీవించువాడే.

మోటారు సైకిలువాని మృతికై న్యాయము కోరి లేచిన ఆగ్రహము మరియొక మోటారు సైకిలువానిని చంపినది. జకార్తాలో పేరు మారుమ్రోగిన యువకునకును, మకస్సార్‌లో పేరడుగకయే కొట్టబడిన యువకునకును వృత్తి ఒక్కటే. అతనిని కొట్టినవారు ఓజోలులని చెప్పుటకు వీలులేదు. ఆ గుంపులో రకరకముల వారుండిరి. కాని ఆ గుంపు నోట నున్న మాట మాత్రము మొదటి యువకుని పేర వెలువడినదే. పోలీసులు తరువాత కొందరిని నిర్బంధించిరి.

ఇది ఎట్లు సంభవించెను? దుర్మార్గులు చొరబడిరని చెప్పి తప్పించుకొనవచ్చును. కొంత నిజమును కావచ్చును. కాని ఆ సమాధానముతో తృప్తి చెందినవాడు క్రోధముయొక్క స్వరూపమును ఎరుగనివాడు. క్రోధము చెడ్డవారిలో మాత్రమే చెడును పుట్టించునదైనచో దానిని గూర్చి పెద్దలు అంతగా హెచ్చరింపవలసిన పనియే లేదు. న్యాయమైన కారణముతో కోపించిన మంచివానిని అది ఎక్కడికి కొనిపోవును అనునదే ప్రశ్న.

దీనికి మహాభారతమున ఒక కథ కలదు. తెలుగువారికి తిక్కన సోమయాజి సౌప్తికపర్వమున చెప్పినదే. ద్రోణుడు యుద్ధభూమిలో అస్త్రసన్న్యాసము చేసి, యోగములో కూర్చుండియుండగా ధృష్టద్యుమ్నుడు అతని శిరస్సు ఖండించెను. ఆ ఆయుధమును విడిపించినది ఒక అబద్ధము, కాదు, సగము సత్యము, అదియు ధర్మరాజు నోటినుండి. కుమారుడగు అశ్వత్థామ శోకమునకు సాటి లేదు. అతని ఫిర్యాదులో ఒక్క అక్షరమైనను తప్పు లేదు. నిరాయుధుడైన వృద్ధుని, గురువును, మోసముతో చంపిరి. నేటి న్యాయస్థానమున నిలిచినను అతని పక్షమే గెలువవచ్చును. ఆ రాత్రి మఱ్ఱిచెట్టు క్రింద నిదురపట్టక కూర్చుండి, చెట్టుమీద నిద్రించుచున్న కాకులను ఒక గుడ్లగూబ చంపుట చూచెను. అంతటితో మార్గము దొరికినదనుకొనెను.

మేనమామయగు కృపుడు వారించెను. నిదురించువారిని చంపుట తగదు, ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి వారు చెప్పినట్లు చేయుదము అనెను. ఈ మాటను మనము త్వరగా దాటిపోవుదుము గాని, కథకంతకును కీలకము ఇచ్చటనే యున్నది. ‘నీ శోకము తప్పు’ అని కృపుడు చెప్పలేదు. ‘పగ మానుము’ అనియు మొదట చెప్పలేదు. నీ శోకమునకు నీవే న్యాయాధిపతివి కావలదు, పగలు వచ్చువరకు ఆగుము, దుఃఖము లేని కన్నులు కలవారిని అడుగుము అని మాత్రమే చెప్పెను. అశ్వత్థామ ఆగలేదు. శిబిరములో చొచ్చి, ముందుగా ధృష్టద్యుమ్నుని చంపెను. తండ్రి హంత దొరికెను, పగ తీరెను. అచ్చటనైనను ఆగవచ్చును గదా? ఆగలేదు. శిఖండిని చంపెను, ద్రౌపది కుమారులైదుగురిని చంపెను, మేల్కొనినవారిని, మేల్కొననివారిని చంపెను. ఆ బాలురకు ద్రోణుని మరణములో ఎట్టి పాత్రయు లేదు.

చీకటిలో జరిగినది గనుకనే ఇది జరిగినది. చీకటి యనగా సూర్యుడు లేని వేళ మాత్రమే కాదు. ఎదుటివాని ముఖము కనబడని స్థితి చీకటి. ఉక్కుకవచపు వాహనములో కూర్చున్నవారికి ఎదుటనున్నది ‘గుంపు’ గానే తోచెను. దారిలో పడిపోయిన ఒక్క మనుష్యుడు వారికి కనబడలేదు, లేదా కనబడినను మనుష్యుడుగా కనబడలేదు. మకస్సార్ రహదారిపై నిలిచినవారికి ఎదుటనున్నది ‘వేగు’ గానే తోచెను. పేరడిగి, వృత్తి అడిగి, ఒక నిమిషము అతని మాట వినియుండిన తెలిసియుండును. ఈ రెండు మరణములలోను దోషము ఒక్క జాతిదే. మనుష్యునకు బదులు ఒక గుర్తును చూచుట. మృతునికొరకు ఏడ్చినవాడు మృతుని మనుష్యుడుగా చూచినాడు గనుకనే ఏడ్చినాడు. ఆ చూపు ఎదుటివానిపై ప్రసరింపకపోయినచో, ఏడ్చిన కన్నులే చంపు కన్నులగును.

శోకము మనుష్యుని విశాలము చేయునని పైన చెప్పుకొంటిమి. అది నిజమే, కాని సగము నిజము. ఒకనికొరకు పదివేలమంది తమ ‘నేను’ను విస్తరింపజేసికొనవచ్చును. అట్లు విస్తరించిన ‘నేను’ పదివేల తలల అహంకారముగా మారుటకును వెనుదీయదు. ‘మావాడు’ అను మాటలో మమకారమును ఉన్నది, ‘మావాడు కానివాడు’ అను కత్తియును దాగియున్నది. ఒరనుండి ఆ కత్తి ఎప్పుడు బయటపడునో చెప్పలేము. మకస్సార్‌లో అది ‘మావాని’ మీదనే పడినది.

అయినచో న్యాయము కోరువాడు క్రోధమును వదలవలెనా? వదలినచో వాని కోరికకు బలమెక్కడిది? శాంతమూర్తుల విన్నపములను అధికారులు బుట్టలో పడవేయుట లోకమెరిగినదే. ఇండొనీషియాలోనే చూడుము. ప్రజలు వీథుల కెక్కిన పిదపనే ఆగస్టు 31వ తేదీన ఆ భత్యమును ఉపసంహరింపనున్నట్లు ప్రకటింపబడెను. అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతో మృతుని కుటుంబమును స్వయముగా పరామర్శించెను. పోలీసుల అధిపతి క్షమాపణ చెప్పెను. వాహనములోని ఏడుగురు పోలీసులు నిర్బంధింపబడిరి. సెప్టెంబరు మొదటివారములో వారి శాఖాపరమైన విచారణ జరిగి, వాహనములోని అధికారి అగౌరవముగా ఉద్యోగమునుండి తొలగింపబడెను, దానిని నడిపినవాని హోదా తగ్గింపబడెను. ఎవరును గొంతెత్తక యుండిన ఇవి జరిగెడివా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చుట నిజాయితీ కాదు.

ఈ చిక్కును విప్పుటకు మరల ద్రౌపది కడకే పోవలెను. తెలుగు సాహిత్యమున మనకు ఇద్దరు ద్రౌపదులు కలరు. సౌప్తికపర్వములోని ద్రౌపది కుమారుల శవముల నడుమ కూర్చుండి, ఆ హంతను దండింపనిచో ప్రాయోపవేశమున ప్రాణము విడుతునని పట్టుపట్టును. అతని శిరోమణి తెచ్చి చూపవలెనని కోరును. పోతన భాగవతము ప్రథమ స్కంధములోని ద్రౌపది వేరు. అర్జునుడు అశ్వత్థామను పశువువలె త్రాళ్లతో కట్టి తెచ్చి ఎదుట నిలుపగా, ఆమె అతనికి గురుపుత్రుడని నమస్కరించును. విడిచిపెట్టుడనును. తాను పుత్రశోకముతో ఏడ్చుచున్నట్లు ఇతని తల్లి కృపి ఏడువకుండుగాక యని వేడుకొనును.

ఒకామె దండము కోరినది, ఒకామె దయ కోరినది, వీరిలో ఎవరు గొప్ప యని వాదించుకొనుట మనకలవాటు. కాని కథ చివరి వరకు చదివినచో రెండు చోట్లను జరిగినది ఇంచుమించు ఒక్కటే. హంత ప్రాణములతో విడువబడెను, కాని శిక్షలేకుండ విడువబడలేదు. శిరోమణి తీసికొనబడెను. భాగవతములో తల గొరిగి వెడలగొట్టబడెను. ద్రౌపది దయ తలచినంత మాత్రమున అతని నేరము నేరము కాకపోలేదు. మరి ఆమె చేసిన ఉపకారమేమి? ఆ సభలో అందరు అశ్వత్థామను చూచిరి. భీమునకు అతడు చంపదగిన క్రూరుడు. అతని వెనుక, ఎక్కడో ఇంటిలో కూర్చున్న కృపిని చూచినది ద్రౌపది ఒక్కతెయే. తన కడుపుకోత వలననే ఆమెకు ఆ చూపు కలిగినది. అందరికంటె ఎక్కువ కోపించుటకు హక్కు గలది గనుకనే ఆమె మాటకు ఆ సభలో విలువ కలిగినది. దూరమున కూర్చుండి ‘క్షమింపుడు’ అని ఉపదేశించువారి మాటకు ఆ విలువ రాదు, రాగూడదు కూడ. కుమారుని కోల్పోయినవారికి క్షమను గూర్చి ఇతరులు బోధించుట ఒక విధమైన హింస. వారు తామై ఇచ్చినపుడు స్వీకరింపవలెను, ఈయనిచో తలవంచుకొని ఊరకుండవలెను.

ఈ కథ జకార్తావారికి మనము క్రొత్తగా చెప్పవలసినది కాదు. మహమ్మదీయులు అత్యధికులైన ఆ దేశములో మహాభారతము నేటికిని తోలుబొమ్మలాటలలో జీవించుచున్నది. జావా కవులు ఎంపు సెడః, ఎంపు పనులుః అనువారు 1157లో భారతయుద్ధ కావ్యమును ప్రాచీన జావా భాషలో రచించిరి. మన నన్నయకు ఒక శతాబ్దము తరువాత, తిక్కనకు ఒక శతాబ్దము ముందు. జకార్తా నడిబొడ్డున మెర్దెకా మైదానపు నైరృతి మూలలో అర్జునుడును శ్రీకృష్ణుడును ఎక్కిన రథమును అనేక అశ్వములు లాగుచున్నట్లు 1987లో ఒక పెద్ద శిల్పము నిలుపబడినది. ఊరివారు దానిని గుర్రముల విగ్రహమని పిలుతురు. కార్మికులు, విద్యార్థులు, ఓజోలులు తమ కోర్కెలతో తరచుగా చేరునది ఆ రథము ముందటనే.

క్రోధము లేక న్యాయమునకు బలమెట్లు కలుగును అను ప్రశ్న మిగిలియున్నది. దీనికి సమాధానము ఆ దేశపు ఇటీవలి చరిత్రలోనే కనబడును.

1998 మే 12వ తేదీన జకార్తాలోని త్రిశక్తి విశ్వవిద్యాలయము కడ నలుగురు విద్యార్థులు కాల్చి చంపబడిరి. మరునాటినుండి మూడు దినములు నగరము మండినది. చీనా సంతతివారి ఇండ్లును అంగళ్లును దోచబడెను, స్త్రీలు ఘోరావమానములకు గురియైరి. వేయిమందికి పైగా మరణించిరి. మంటలలో చిక్కుకొన్న అంగడి భవనములలోనే అనేకులు కాలిపోయిరి. విద్యార్థులను కాల్చినవారికిని, అంగడి నడుపుకొను చీనావానికిని ఏమి సంబంధము? 2025లో మకస్సార్ సభాభవనములో కాలిపోయిన ఉద్యోగులకును, ఉక్కువాహనమునకును ఎంత సంబంధమో అంత. ఆ యేడే నవంబరు 13వ తేదీన సెమంగీ అను చోట మరికొందరు విద్యార్థులు కాల్చి చంపబడిరి. వారిలో ఒకని తల్లి సుమార్సిః. మరి కొన్ని సంవత్సరములకు, 2004 సెప్టెంబరు 7వ తేదీన, మునీర్ అను న్యాయవాది విమానములో విషప్రయోగమునకు గురియై మరణించెను. మాయము చేయబడినవారి పక్షమున, చంపబడినవారి పక్షమున నిలిచినవాడు. అతని భార్య సుచివాతి. ఈ ఇద్దరు స్త్రీలును, వీరివలెనే తమవారిని కోల్పోయిన మరికొందరును కలిసి 2007 జనవరి 18వ తేదీ గురువారమున అధ్యక్ష భవనమునకు ఎదుట నిలిచిరి. నల్లని వస్త్రములు, నల్లని గొడుగులు. చేతిలో రాయి లేదు.

ఆ తరువాతి గురువారము మరల వచ్చిరి. అటు తరువాతియు వచ్చిరి. ఆ కూటమునకు ‘కమిసన్’ అని పేరు వచ్చినది. ఆ భాషలో ‘కమిస్’ అనగా గురువారము. ప్రతి వారమును అధ్యక్షునకు ఒక లేఖ వ్రాయుదురు. 2024 జనవరి 18వ తేదీతో 800 గురువారములు నిండినవి. ఈ మధ్యలో అధ్యక్షులు మారిరి. లేఖ మారలేదు. ఎవరు చంపిరి, ఎవరి ఆజ్ఞచే చంపిరి, విచారింపుడు. అంతే. వారి కోరిక ఇంకను పూర్తిగా తీరలేదని చెప్పి, ‘అయినచో ఆ శాంతము వలన ఏమి ఫలము?’ అని అడుగువారుందురు. భవనము తగులబెట్టినవారికి రెండు దినములలో దొరికినది ఆ తల్లులకు పదునెనిమిది యేండ్లకును దొరకలేదని లెక్కవేయువారును ఉందురు. ఆ లెక్కను కాదనుట కష్టము. కాని మకస్సార్ యువకుని తల్లి ముందట ఆ లెక్క చెప్పగలవాడెవడో చూడవలెను.

కమిసన్ స్త్రీలకు కోపము లేదనుకొనుట పొరపాటు. కోపము లేనివారు పదునెనిమిది సంవత్సరములు ఎండలో నిలువలేరు. కాని ఆ కోపము ఒక ముఖమును మరువలేదు, అది తన కుమారుని ముఖము. దానిని మరువనిది గనుకనే దానికి బదులు మరియొక ముఖమును వెదకికొనలేదు. వారు శత్రువును కోరుట లేదు, సమాధానమును కోరుచున్నారు. కృపుడు అశ్వత్థామను ఆగుమని వేడుకొన్న ఆ తెల్లవారువేళ వరకు వారు ఆగుచున్నారు. ఎన్ని రాత్రులైనను.

2025 ఆగస్టు చివరి దినములలో మరియొక చిన్న సంగతి జరిగినది. దానిని వార్తలలో చాలమంది చదివి మరచియుందురు. మలేషియా, థాయిలాండు మొదలగు పొరుగు దేశములలోని సామాన్యులు తమ ఫోనులలో జకార్తా నగరమును గమ్యముగా పెట్టి అచ్చటి హోటళ్లనుండి భోజనము తెప్పింపసాగిరి. తెచ్చు ఓజోలునకు చివర వచ్చు సందేశము ‘ఇది మీకే, మీరు తినుడు’ అని. పంపినవాడు తీసికొనువానిని చూడలేదు, ఎన్నటికిని చూడడు. ఏ రాజ్యాధికారియు దానివలన పదవినుండి తొలగలేదు, ఏ విచారణయు ముందుకు సాగలేదు. భోజనము చేరినది. ఒకానొక మోటారు సైకిలువాడు ఆ రాత్రి ఎచ్చటనో బండి ఆపుకొని దానిని తినియుండును, లేదా ఇంటికి కొనిపోయియుండును.

అధ్యక్ష భవనము ఎదుట, అర్జునుని రథమునకు నడచి పోగల దూరములో, నల్లని గొడుగుల క్రింద నిలుచువారి దినము గురువారము. పెజొంపొంగన్ వీథిలో ఆ యువకుడు పడిపోయిన 2025 ఆగస్టు 28వ తేదీయు గురువారమే.